సిక్కోలు బడి నుంచి శ్రీలంక మైదానానికి: పిల్లల రగ్బీ జట్టును విదేశీ పర్యటనకు తీసుకెళ్లడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలకు పట్టు పట్టడం ఒకరు నేర్పనక్కర్లేదు. కబడ్డీ చూసి పెరిగిన ఊళ్లు ఇవి. బంతి చేత పట్టి పరుగెత్తేవాడిని పట్టి పడగొట్టే ఆట రగ్బీ. ఆ జట్టు కట్టే బడికి ఇది సగం బలం, సగం ప్రమాదం. ప్రమాదం ఎందుకో సాధన గురించి చెప్పేటప్పుడు వివరిస్తాం.

పర్యటన అనగానే పెద్దల ధ్యాస టికెట్ల మీదకీ కొత్త జెర్సీల మీదకీ పోతుంది. నిజానికి పర్యటన చెడేది రెండు చోట్ల. ఒకటి, ఎదుటి జట్టు మన స్థాయికి సరిపోకపోవడం. రెండు, పడటం, పట్టడం సరిగా రాని పిల్లాడిని మైదానంలోకి దింపడం. మిగతావి డబ్బుతోనో ఓపికతోనో సర్దుకుంటాయి.

ఎక్కడికి వెళ్లాలి?

మొదటిసారి అయితే ఇంగ్లండ్, న్యూజిలాండ్ వద్దు. శ్రీలంక మేలు. గడియారం మార్చుకోనక్కర్లేదు, అక్కడి సమయమూ మనదే. అన్నం, పప్పు, కొబ్బరి వాళ్ల తిండిలోనూ ఉంటాయి. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర లోపే. అన్నిటికీ మించి అక్కడ బడి రగ్బీ జనం టికెట్టు కొని చూసే ఆట. కొలంబో రాయల్ కాలేజీ, క్యాండీ ట్రినిటీ కాలేజీ (పేరుకు కాలేజీలు, నిజానికి బడులే) జట్లు 1945 నుంచి బ్రాడ్‌బీ షీల్డ్ కోసం ఆడుతున్నాయి. ఒక మ్యాచ్ కొలంబోలో, ఒకటి క్యాండీలో.

జాగ్రత్త పడాల్సిందీ అక్కడే. అలాంటి బడుల మొదటి జట్టులో ఆడేవాళ్లు చిన్నప్పటి నుంచి బంతి పట్టినవాళ్లు. పేరు చూసి వాళ్లతో మ్యాచ్ అడగకండి. అదే బడి రెండో జట్టునో, మూడో జట్టునో అడగండి, లేదా రగ్బీ కొత్తగా మొదలుపెట్టిన చిన్న బడిని వెతకండి. అరవై పాయింట్ల తేడాతో ఓడిన పిల్లలు అలసిపోయిన చివరి పావుగంటలోనే దెబ్బలు తగిలించుకుంటారు.

దేశం దాటే ముందు ఒకసారి భువనేశ్వర్ వెళ్లి రండి. ఆమదాలవలసలోనో విజయనగరంలోనో రైలెక్కితే అదే లైను. అక్కడి కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ గిరిజన పిల్లల జట్టు 2007లో లండన్‌లో జరిగిన అండర్-14 అంతర్జాతీయ పాఠశాలల పోటీ గెలిచింది. పక్క రాష్ట్రంలోనే ఇంత మంచి ఆట ఉంది. రెండు రాత్రులు బస, ఒక మ్యాచ్ చాలు. ఎవరికి ఇంటి మీద బెంగ, ఎవరు బూట్లు మరిచిపోతారు, ఏ మాస్టారికి రాత్రిపూట ఓపిక ఉంటుంది అన్నీ ఆ రెండు రోజుల్లో తేలిపోతాయి. ఈ ప్రయాణం చేయని జట్టును విమానం ఎక్కించవద్దు.

తేదీలకు వేసవి సెలవులు అనుకూలం. ఏప్రిల్ 13, 14 తేదీల్లో శ్రీలంకలో కొత్త సంవత్సరం, ఆ వారం చుట్టూ బడులు, దుకాణాలు మూసి ఉంటాయి. మేలో వచ్చే వెసాక్ పున్నమికీ (బుద్ధ పూర్ణిమ) సెలవులే. ఈ రెండూ తప్పించి పది రోజులు చూసుకోండి. పది రోజుల్లో, జట్టుకు పదిహేనుగురు ఆడే రగ్బీ అయితే (ఏడుగురు ఆడేదీ ఉంది) మూడు మ్యాచ్‌లకు మించి ఒప్పుకోకండి. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య మూడు రోజులుండాలి.

ఏడుగురి ఆటా, పదిహేనుగురి ఆటా?

ఇది మీ ముందు వరుస పిల్లల లెక్క మీద ఆధారపడుతుంది. రెండు జట్ల నుంచీ ఎనిమిదేసి మంది భుజాలు కలిపి, ఎదురెదురుగా నెట్టుకుంటూ బంతి కోసం పోటీపడటమే స్క్రమ్. దానిలో ముందు నిలబడే ముగ్గురి మెడ మీద భారం ఎక్కువ. శిక్షణ లేనివాడిని అక్కడ పెట్టకూడదు. ప్రపంచ రగ్బీ సంఘం నిబంధన ప్రకారం జట్టులో 16 నుంచి 18 మంది ఉంటే ముందు వరుసలో ఆడగలవాళ్లు నలుగురు, 19 నుంచి 22 మంది ఉంటే ఐదుగురు, 23 మంది ఉంటే ఆరుగురు ఉండాలి. మీ బడిలో అలాంటివాళ్లు ముగ్గురే ఉంటే మొహమాటం లేకుండా ఏడుగురి ఆటకు వెళ్లండి. 12 మంది సరిపోతారు. సగానికి 7 నిమిషాలు, మధ్య 2 నిమిషాల విరామం. ఖర్చు కూడా దాదాపు సగమవుతుంది.

ఆతిథ్య బడికి రాసే ఉత్తరం

పది నెలల ముందు రాయండి. "మీ బడితో స్నేహపూర్వక మ్యాచ్ ఆడాలని ఉంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే అక్కడికి వెళ్లాక ఇబ్బంది. ఉత్తరంలో ఇవన్నీ ఉండాలి.

వయసు: "అండర్-17" సరిపోదు. ఏ తేదీ నాటికి పదిహేడు నిండకూడదో రాయండి. రెండు దేశాల లెక్క వేరైతే దాదాపు ఏడాది తేడా వస్తుంది. ఆ వయసులో ఏడాది అంటే ఒక్కోసారి పది కిలోలు.

బరువు: మీ పిల్లల బరువుల పట్టిక జత చేసి వాళ్లదీ అడగండి. ముఖ్యంగా ముందు ఎనిమిది మందిది.

సమయం: అండర్-19 స్థాయిలో సగానికి 35 నిమిషాలకు మించకూడదు. మొదటి మ్యాచ్‌కు 25 చొప్పున అడిగినా తప్పు లేదు.

స్క్రమ్: అండర్-19లో స్క్రమ్‌ను ఒకటిన్నర మీటరుకు మించి నెట్టకూడదు. మీ వాళ్లు తేలిక అయితే అసలు నెట్టుడు లేని స్క్రమ్ కావాలని ముందే రాయండి. మ్యాచ్ రోజు రిఫరీతో మాట్లాడి మార్చుకుందాం అనుకుంటే కుదరకపోవచ్చు.

మైదానం: డాక్టరు ఉంటారా, అంబులెన్సు ఎక్కడ ఆగుతుంది, దగ్గరి పెద్దాసుపత్రి ఎంత దూరం. దీనికి సూటిగా జవాబు రాకపోతే ఆ మ్యాచ్ ఒప్పుకోకండి.

వీటితోపాటు జెర్సీ రంగు, బంతి సైజు (పదిహేనేళ్లు దాటినవాళ్లకు 5, చిన్నవాళ్లకు 4), మార్పు ఆటగాళ్లు మళ్లీ లోపలికి రావచ్చా అన్నదీ రాయండి. మన దేశంలో రగ్బీని చూసే సంఘానికీ, అక్కడి సంఘానికీ తెలియజేసి అనుమతి కాగితం తీసుకోండి. అది లేకపోతే రిఫరీ, బీమా రెండు చోట్లా చిక్కు వస్తుంది.

కాగితాలు

పాస్‌పోర్టు పని ఎనిమిది నెలల ముందే మొదలుపెట్టాలి. రెండు జిల్లాలూ విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం కిందికి వస్తాయి. మైనరు పాస్‌పోర్టు ఐదేళ్లకో, పద్దెనిమిదేళ్లు నిండే వరకో, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. పదిహేను దాటినవాళ్లు పదేళ్లది కూడా అడగొచ్చు.

మన దగ్గర ఎక్కువ దరఖాస్తులు ఆగేది పేరు దగ్గర. ఆధార్‌లో "జి. సాయికుమార్", బడి రికార్డులో "గేదెల సాయి కుమార్", పుట్టిన తేదీ పత్రంలో ఇంటిపేరే ఉండదు. మూడు కాగితాలూ ఒకచోట పెట్టి, అక్షరం అక్షరం పోల్చి, ముందు ఆధార్ సరిచేయించి, తర్వాతే పాస్‌పోర్టుకు వెళ్లండి. ఇంటిపేరు పొట్టి అక్షరంగా కాక పూర్తిగా ఉండాలి.

మైనరు దరఖాస్తుకు అమ్మానాన్నలిద్దరూ సంతకం చేసే పత్రం అనుబంధం-డి. మన పిల్లల నాన్నలు చాలామంది వలస పనుల్లో, గల్ఫ్‌లో, సింగపూర్‌లో ఉంటారు. అలాంటి ఇంటికి మొదటి నెలలోనే కబురు పెట్టాలి. రెండో వాళ్ల సమ్మతి దొరకనప్పుడు, ఒంటరిగా పెంచుతున్నప్పుడు అనుబంధం-సి వాడతారు. అమ్మానాన్నలకు పాస్‌పోర్టు లేని ఇళ్లకు పోలీసు విచారణ రావచ్చు. కానిస్టేబులు వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ లేకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుందని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.

శ్రీలంకకు ఈటీఏ అనే ముందస్తు అనుమతిని ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. దిగే రోజు నాటికి పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. ప్రభుత్వ బడి అయితే జిల్లా విద్యాశాఖాధికారి అనుమతి కావాలి. వెంట వెళ్లే ఉపాధ్యాయులు విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి విడిగా తెచ్చుకోవాలి. పిల్లల అనుమతులన్నీ వచ్చి మాస్టారి ఫైలు ఒక్కటే టేబుల్ మీద ఉండిపోయే పరిస్థితి రానివ్వకండి.

ప్రతి ఇంటి నుంచీ రెండు సమ్మతి పత్రాలు: ప్రయాణానికి ఒకటి, అత్యవసర వైద్యానికి, అవసరమైతే మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయడానికి ఒకటి. నోటరీ చేయించండి. రెండోది లేక ఆసుపత్రిలో ఇంటికి ఫోన్లు చేస్తూ కూర్చుంటే విలువైన గంటలు పోతాయి.

ప్రయాణ బీమా కొనేటప్పుడు ఏజెంటు నోటి మాట నమ్మవద్దు. మామూలు పాలసీలు చాలావరకు ఒళ్లు తగిలే ఆటల్లో అయిన గాయాన్ని మినహాయిస్తాయి. "రగ్బీ" అన్న మాట పాలసీలో ఉండాలి, లేదా కంపెనీ నుంచి రాతపూర్వక జవాబు రావాలి.

డబ్బు విషయంలో ఒక్క సంగతి. మొత్తం ఖర్చు లెక్క కట్టాక, ఒక పిల్లాడూ ఒక పెద్దవారూ వారం ఆలస్యంగా రావలసి వస్తే అయ్యే టికెట్లు, బస పక్కన పెట్టండి. దాన్ని ఇంకే అవసరానికీ తాకకూడదు. విదేశీ దాతలు ఇస్తామంటే, బడికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు లేకుండా ఖాతాలో వేయించుకోకండి.

పన్నెండు వారాల సాధన

ఎండాకాలం కాబట్టి ఉదయం 6 నుంచి 8, లేదా సాయంత్రం 5 తర్వాత. పావుగంటకోసారి నీళ్లు.

ముందుగా కబడ్డీ అలవాట్ల గురించి. కబడ్డీలో మడమ పట్టు కోసం తల ముందుకు పెట్టి దూకుతారు. రైడరు ఒక్కడు, ఉన్నది చిన్న కోర్టు, అక్కడ అది చెల్లుతుంది. ఇరవై మీటర్లు పరుగెత్తి వస్తున్న రగ్బీ ఆటగాడి ముందు తల పెడితే మోకాలు కణతకు తగులుతుంది. ఇంకో అలవాటు, పట్టు వదలకపోవడం. కబడ్డీలో వదిలితే పాయింటు పోతుంది. రగ్బీలో మనిషి కింద పడిన క్షణంలో వదలకపోతే పెనాల్టీ, మూడు పాయింట్లు పోవచ్చు. మనవాళ్లలో మంచి పట్టు ఉన్న పిల్లలే మొదటి మ్యాచ్‌లో ఎక్కువ పెనాల్టీలు ఇస్తారు. అందుకే "పట్టు, పడగొట్టు, వదులు, లే" అని నాలుగు మాటలూ ఒక దమ్ములో అరిపిస్తూ సాధన చేయించండి.

1, 2 వారాలు పడటం. కళింగపట్నం, బారువ, చింతపల్లి వైపు బడులకు ఇసుక ఉంది. లోపలి ఊళ్లలో వరిగడ్డి అర అడుగు మందాన పరవండి. బంతి రెండు చేతులా ఛాతీకి అదుముకోవాలి, గడ్డం ఛాతీకి తగలాలి, మోకాలి పక్క, తొడ, భుజం ఈ వరసలో నేల తాకాలి. చెయ్యి చాపి పడేవాడికి మణికట్టో కాలర్ ఎముకో విరుగుతుంది. రోజుకు ఒక్కో వైపు ఇరవై సార్లు.

3, 4 వారాలు మోకాళ్ల మీద టాకిల్, అంటే బంతి ఉన్నవాడిని పట్టి పడగొట్టడం. ఇద్దరూ మోకాళ్ల మీదే. కళ్లు తెరిచి, తల ఎత్తి, చెంప ఎదుటివాడి పిరుదుకు ఆనాలి. తల ఎప్పుడూ వాడి వెనక వైపే. భుజం నడుముకూ తొడకూ మధ్య తగలాలి, రెండు చేతులూ చుట్టూ బిగించాలి. కుడికి పది, ఎడమకు పది.

5 నుంచి 7 వారాలు పట్టేవాడు నిలబడతాడు, బంతి ఉన్నవాడు నడుస్తూ వస్తాడు, తర్వాత మెల్లగా పరుగెత్తుతాడు. దగ్గరికి వచ్చేసరికి అడుగులు చిన్నవి కావాలి. కుడి భుజంతో పట్టేటప్పుడు కుడి పాదమే ముందుండాలి. దూరం నుంచి దూకే పిల్లాడిని ఆపి మళ్లీ చేయించండి.

8 నుంచి 10 వారాలు పూర్తి వేగం, పది మీటర్ల చదరంలో. గట్టి తాకిడి వారానికి రెండు రోజులే, రోజుకు పావుగంట మించకుండా. ఎక్కువ చేస్తే పర్యటనకు ముందే భుజాలు అరిగిపోతాయి.

11వ వారం మ్యాచ్ తరహా ఆట. 12వ వారం తాకిడి ఉండదు, పరుగు, పాసులే.

ఎంపికకు ఒక కొలత పెట్టుకోండి. బలహీనమైన భుజం వైపు పది టాకిళ్లలో ఎనిమిది సార్లు తల సరైన చోట పెట్టగలిగినవాడే విమానం ఎక్కాలి. ఎంత వేగంగా పరుగెత్తినా, ఎవరి అబ్బాయి అయినా ఈ కొలత మారకూడదు.

మెడకు: అరచేయి నుదుటికి ఆనించి మెడతో నెట్టాలి, తల కదలకూడదు. పది సెకన్లు. వెనక్కి, కుడికి, ఎడమకు అలాగే. ఐదేసి సార్లు, వారానికి మూడు రోజులు. ముందు వరుసవాళ్లు ఆ మూడు రోజుల్లో ఒక్కటీ మానకూడదు. స్క్రమ్‌లో భుజాలు నడుము కంటే కిందికి దిగితే కూలిపోతుంది. మొదటి నెల దీన్ని పక్క నుంచి చూసి సరిచేయడానికే ఒక మాస్టారు నిలబడాలి.

రిఫరీ ఇంగ్లీషులో, వేగంగా మాట్లాడతాడు. "క్రౌచ్, బైండ్, సెట్" (స్క్రమ్‌కు వంగు, పట్టుకో, కలువు), "రిలీజ్" (వదులు), "రోల్ అవే" (పక్కకు దొర్లు), "హ్యాండ్స్ అవే" (చేతులు తియ్యి), "యూజ్ ఇట్" (బంతి ఆడు) అన్న మాటలు సాధనలో రోజూ ఈల వేసే మనిషి నోటి వెంట రావాలి. అర్థం తెలిసినా చెవికి అలవాటు లేకపోతే ఆ అర సెకను ఆలస్యానికి పెనాల్టీ పడుతుంది.

అక్కడ పచ్చిక, వాన. మన మైదానాలు గట్టి ఎర్రనేల. చివరి మూడు వారాలు బంతిని బకెట్ నీళ్లలో ముంచి పాసులు చేయించండి. కొత్త బూట్లు నాలుగు వారాల ముందే కొని రోజూ అరగంట వేయించండి. విమానం ఎక్కే ముందు కొంటే మొదటి మ్యాచ్‌కే మడమలు బొబ్బలెక్కుతాయి. బూట్ల అడుగున ఉండే స్టడ్లు 21 మిల్లీమీటర్లకు మించకూడదు, అంచులు అరిగి పదునెక్కితే రిఫరీ ఆడనివ్వడు.

పళ్ల రక్షణకు మౌత్‌గార్డు తప్పనిసరి చేయండి. మరిగిన నీళ్లలో ప్యాకెట్ మీద రాసినన్ని సెకన్లు ముంచి, కొరికి, నోట్లో అచ్చు దింపాలి. అది పెట్టుకుని కేకలు వేయడం మొదట్లో రాదు, ఆరో వారం నుంచే పెట్టించండి.

సామాను

జెర్సీలు రెండు రంగుల్లో. బంతులు పది చాలు, గాలి తీసి మడిస్తే ఒకే సంచిలో పడతాయి. పంపు, గాలి కొలిచే మీటరు మరవకండి, బంతిలో గాలి 9.5 నుంచి 10 పీఎస్‌ఐ ఉండాలి. కత్తెర, పంపు సూది, స్టడ్ బిగించే రెంచి పెద్ద సామానులో. పవర్‌బ్యాంకులు చేతిసంచిలోనే.

ఉద్దానం ఇళ్ల నుంచి పిల్లలకు ఎండుకొబ్బరి చిప్పలు కట్టి పంపుతారు. నూనె ఉన్న ఎండుకొబ్బరి మంట అంటుకునే సరుకు కింద లెక్క, విమానంలో పెట్టనివ్వరు. ఆవకాయ సీసాను చేతిసంచిలో తనిఖీ దగ్గర ఆపేస్తారు. అమ్మలకు ఈ రెండూ ముందే చెబితే విమానాశ్రయంలో పిల్లల కళ్లు తడవవు.

మందుల సంచి ఒక్కటే ఉండాలి, అది మైదానం అంచునే ఉండాలి: చేతి తొడుగులు, గాయాలకు కట్టే గాజు గుడ్డ, త్రికోణపు కట్లు, అంటుకునే టేపు, సెలైన్ సీసాలు, ఐసు సంచులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. పదేళ్లకూ పదహారేళ్లకూ వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా పడిందో లేదో ప్రతి పిల్లాడి కార్డులో చూడండి, మట్టిలో గీరుకునే ఆట ఇది. శ్రీలంకలో మలేరియా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించింది కానీ డెంగీ ఉంది, దోమల మందు పట్టుకెళ్లండి.

మ్యాచ్ రోజు

సాయంత్రం 4కు ఆటైతే మధ్యాహ్నం 12కు భోజనం, 2.30కు అరటిపండు. ఆ రోజు కొత్త వంటకం ఏదీ రుచి చూడనివ్వకండి. రెండు మూడు గంటల ముందు అర లీటరు నీళ్లు తాగించండి. ఆటకు ముందూ తర్వాతా బరువు తూచి, తగ్గిన ప్రతి కిలోకు లీటరున్నర చొప్పున రాత్రిలోగా తాగించాలి.

తల దెబ్బ విషయంలో వాదన ఉండకూడదు. లేవడానికి తడబడటం, శూన్యంగా చూడటం, స్కోరు ఎంతో చెప్పలేకపోవడం, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, వీటిలో ఒక్కటి కనబడినా, అనుమానమే అయినా, బయటికి తీసుకురావాలి. మళ్లీ ఆ రోజు లోపలికి వెళ్లకూడదు. పది రోజుల పర్యటనలో ఆ పిల్లాడికి ఆట అయిపోయినట్టే. ఈ మాట కెప్టెన్‌కూ అమ్మానాన్నలకూ బయల్దేరే ముందే చెప్పండి, అప్పుడు "బాగానే ఉన్నాను మాస్టారూ" అన్న బతిమాలుడు తగ్గుతుంది. ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కినా, మెడ నొప్పి అన్నా వెంటనే ఆసుపత్రికి. మెడ నొప్పి ఉన్నవాడిని మైదానంలో కదపకూడదు, అంబులెన్సు వచ్చేదాకా తల కదలకుండా పట్టుకుని ఉండాలి.

22 మంది పిల్లలకు పెద్దలు కనీసం నలుగురు. ఒకరు ఆసుపత్రికి వెళితే ఒకరు జట్టు దగ్గర, ఒకరు బస్సు, బస చూసుకోవాలి, నాలుగో వారు అనుకోనిదానికి. అమ్మాయిల జట్టయితే ఇద్దరైనా ఉపాధ్యాయినులు ఉండాలి.

బయట నడవడిక

క్యాండీలో దలద మాళిగావ, అంటే బుద్ధుడి దంతం ఉంచిన గుడి, చూడనిదే రారు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కావాలి, నిక్కర్లలో వెళ్తే ఆపేస్తారు. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ తప్పు. వెళ్లే ముందు ఒక ఆదివారం పిల్లలను వంశధార ఒడ్డున శాలిహుండం తీసుకెళ్లి బౌద్ధ స్తూపం చూపిస్తే, క్యాండీలో చూసేది పరాయిగా అనిపించదు.

ఏ తప్పుకు ఏం జరుగుతుందో ఒక పేజీలో రాసి, పిల్లాడి చేతా ఇంట్లోవాళ్ల చేతా సంతకం పెట్టించండి. 1936లో విజయనగరం మహారాజకుమార్ విజ్జీ నాయకత్వంలో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టు నుంచి లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపారు. అంత పెద్ద ఆటగాళ్ల జట్టులోనే అలా జరిగింది. పిల్లల విషయంలో అంతదాకా రాకుండా చూడాలి. వెనక్కి పంపడం చివరి మెట్టు, అది కూడా ఇద్దరు పెద్దలు కలిసి నిర్ణయించాలి, వెంట ఒకరు రావాలి.

మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ కలిసి తినడం రగ్బీ ఆచారం. కెప్టెన్ రెండు నిమిషాలు మాట్లాడాలి, నెల ముందు నుంచే సాధన చేయించండి. చెప్పడానికి మంచి సంగతి ఒకటుంది: ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా ఆడుకునే కలకత్తా కప్పు మన వెండి రూపాయలు కరిగించి చేసినదే. కలకత్తా రగ్బీ క్లబ్బు మూతపడ్డాక ఖాతాలో మిగిలిన సొమ్ముతో చేయించి 1878లో ఇంగ్లండ్ సంఘానికి ఇచ్చారు. కానుకగా ఎదుటి కెప్టెన్‌కు పొందూరు ఖద్దరు కండువా, బడికి బుడితి ఇత్తడి పాత్రో చిన్న బొబ్బిలి వీణో ఇవ్వండి. రిఫరీని మరిచిపోకండి.

తిరిగొచ్చాక

మొదటి రోజు ఒళ్లంతా చూడండి: మానని గీతలు, వాపు దిగని వేళ్లు, జ్వరం. వారంలోపు జ్వరం వస్తే డాక్టరుకు శ్రీలంక వెళ్లొచ్చిన సంగతి చెప్పమని ఇళ్లకు చీటీ పంపండి. తల దెబ్బ తగిలినవాడు డాక్టరు రాసి ఇచ్చేదాకా టాకిల్ సాధనకు రాకూడదు. పదిహేను రోజుల్లో ఖర్చుల లెక్క బిల్లులతో సహా అమ్మానాన్నల సమావేశంలో పెట్టండి. ఆతిథ్య బడికి ఉత్తరం రాసి, వచ్చే ఏడాది వాళ్లను ఇక్కడికి పిలవండి. పాస్‌పోర్టులు బడి బీరువాలో ఉంచకుండా, ఒక్కొక్కటీ ఇంటి పెద్ద సంతకం తీసుకుని చేతికివ్వండి.